దుఃఖంలో, మనోగాయంలో జంతువుల తోడు: కోల్‌కతా

ఆప్తుల్ని పోగొట్టుకున్నవారికి, హింసో ప్రమాదమో తుపానో మనసును దెబ్బతీసినవారికి ఇచ్చే కౌన్సెలింగ్‌లో ఒక జంతువును కూడా పాల్గొనేలా చేసే పద్ధతిని జంతు సహాయక చికిత్స అంటారు. ఇందులో ఎక్కువగా కనిపించేది కుక్క. కొన్నిచోట్ల గుర్రం, పిల్లి, కుందేలు, చివరికి చేపల తొట్టి కూడా ఉంటాయి. వృద్ధాశ్రమానికో కాలేజీకో కుక్కను తీసుకెళ్తే అందరూ కాసేపు నిమిరి సంతోషించడం వేరు, ఇది వేరు. ఇక్కడ ప్రతి మనిషికీ ఒక లక్ష్యం పెట్టుకుంటారు. దాన్ని నిర్ణయించేది అర్హత గల కౌన్సెలర్. ప్రతి విడతలో ఏం జరిగిందో రాసిపెడతారు. ఈ రంగంలోని అంతర్జాతీయ సమాఖ్య ఐఏహెచ్ఏఐఓ 2014లో వెలువరించి 2018లో సవరించిన శ్వేతపత్రం ఈ తేడాను స్పష్టంగా చెప్పింది.

కోల్‌కతా ఆసుపత్రుల్లో ఇది ఇంకా స్థిరపడిన విభాగం కాదు. అయినా ఈ విషయాన్ని ఆ నగరం నుంచి చూడటానికి గట్టి కారణాలున్నాయి. భారతదేశంలో జంతువుల పట్ల క్రూరత్వాన్ని ఆపడానికి సంఘం పెట్టుకున్న తొలి నగరం అది. మనోవిశ్లేషణ ఈ దేశంలో అడుగుపెట్టింది కూడా అక్కడే. వీధికుక్క మనిషిని ఎలా అర్థం చేసుకుంటుందో ఏళ్ల తరబడి పరిశీలించిన ప్రయోగశాల ఆ నగరానికి దగ్గర్లోనే ఉంది. ఈ మూడింటినీ ఒకచోట చేర్చి చూస్తే, ఖరీదైన విదేశీ జాతి కుక్కల కంటే మన వీధుల్లోని జీవులతో మనిషికి ఉన్న సంబంధాన్ని అర్థం చేసుకున్న కౌన్సెలరే ముందు అవసరమని తెలుస్తుంది.

నగరపు వారసత్వం

1861లో కోల్స్‌వర్తీ గ్రాంట్ అనే చిత్రకారుడు కలకత్తాలో జంతు హింసా నివారణ సంఘాన్ని స్థాపించాడు. లండన్‌లో అలాంటి సంఘం 1824లో పుట్టింది. ఎడ్లబండ్లు, గుర్రపుబండ్లు లాగే జీవాల వీపుల మీది పుండ్లే గ్రాంట్‌ను ముందుగా కదిలించాయి. సంఘం ఒత్తిడితోనే 1869లో బెంగాల్‌లో జంతు హింసకు వ్యతిరేకంగా చట్టం వచ్చింది. ఆ సంఘంలో పనిచేసిన ప్యారీచాంద్ మిత్ర, అంటే బెంగాలీ నవలకు తొలి రూపాల్లో ఒకటైన 'ఆలాలేర్ ఘరేర్ దులాల్' రచయిత, గ్రాంట్ జీవిత చరిత్ర రాశాడు. రైటర్స్ బిల్డింగ్ దగ్గర గ్రాంట్ స్మారక స్తంభం నేటికీ ఉంది.

1922లో గిరీంద్రశేఖర్ బోస్ అదే నగరంలో భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని ఆరంభించాడు. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్‌తో ఆయనకు ఏళ్ల తరబడి ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచాయి. ఫ్రాయిడ్ డెబ్బై అయిదో పుట్టినరోజుకు కలకత్తా నుంచి దంతపు విష్ణుమూర్తి విగ్రహం వెళ్లింది. అప్పటికి వియన్నాలో ఫ్రాయిడ్ గదిలో జోఫీ అనే చౌ జాతి కుక్క రోగుల మధ్యే పడుకుని ఉండేది. సమయం అయిపోగానే అది లేచి నిలబడేదని ఆయన ఇంటివాళ్లు చెప్పేవారు. అయితే కుక్క చికిత్సకు సాయం చేస్తుందన్న సిద్ధాంతమేదీ ఫ్రాయిడ్ రాయలేదు. బోస్ 1940లో ఆరంభించిన లుంబినీ పార్క్ మానసిక వైద్యశాల తర్వాత ప్రభుత్వం చేతికి వచ్చింది.

ఈ నగరంలో మరో మానసిక వైద్యశాలకు రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ పేరు ఉంది. గంట మోగితే నోరూరే కుక్కల ప్రయోగం బడిపిల్లలకు కూడా తెలుసు. మనోగాయం గురించి మాట్లాడుకునేటప్పుడు మాత్రం 1924 సెప్టెంబరు గుర్తుకు రావాలి. లెనిన్‌గ్రాద్‌ను వరద ముంచెత్తినప్పుడు పావ్‌లోవ్ ప్రయోగశాల కుక్కలు గూళ్లలో మునిగిపోబోతూ చివరి నిమిషంలో బయటపడ్డాయి. ఆ తర్వాత కొన్ని కుక్కలు నేర్చుకున్నదంతా మరిచిపోయాయి. కొన్నాళ్లకు తేరుకున్న కుక్క కూడా తలుపు కిందినుంచి సన్నగా నీళ్లు లోపలికి వదిలేసరికి మళ్లీ బెదిరిపోయింది. ప్రాణభయం శరీరంలో ఎలా నిలిచిపోతుందో, చిన్న గుర్తుకే ఎలా తిరిగి లేస్తుందో ఆయన అక్కడ చూశాడు. అమెరికా మానసిక వైద్యుల సంఘం ఆ స్థితిని పీటీఎస్‌డీ పేరుతో తన వ్యాధుల పట్టికలో చేర్చింది 1980లో.

పద్ధతి పుట్టుక

1796లో ఇంగ్లండ్‌లోని యార్క్‌లో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు తెరిచిన రిట్రీట్ అనే ఆశ్రమంలో మానసిక రోగులను గొలుసులతో కట్టెయ్యకుండా, తోటలో కోళ్లనూ కుందేళ్లనూ చూసుకోమనేవారు. నైటింగేల్ 1860 నాటి తన నర్సింగ్ పుస్తకంలో, మంచానికి అంటుకుపోయిన రోగికి చిన్న పెంపుడు జీవి మంచి తోడని రాసింది.

దీన్ని వృత్తిగా నిలబెట్టినవాడు న్యూయార్క్ బాలల మనస్తత్వ నిపుణుడు బోరిస్ లెవిన్సన్. ఒక తల్లి తన పిల్లవాణ్ని తీసుకుని అనుకున్న సమయానికి కొన్ని గంటల ముందే వచ్చేసింది. ఆ బాలుడు మాటలకు అందకుండా ముడుచుకుపోయి ఉన్నాడు, ఆసుపత్రిలో చేర్చాలన్న సలహా కూడా అప్పటికే వచ్చింది. లెవిన్సన్ పెంపుడు కుక్క జింగిల్స్ మామూలుగా రోగులు వచ్చే వేళకు గదిలో ఉండదు, ఆ రోజు ఉంది. పరుగెత్తుకెళ్లి పిల్లవాడి ముఖం నాకింది. తల్లి కుక్కను లాగబోతే లెవిన్సన్ ఆపాడు. బాలుడు దాన్ని దగ్గరికి తీసుకున్నాడు, వెళ్లేముందు మళ్లీ ఆడుకోవడానికి రావచ్చా అని అడిగాడు. తర్వాతి విడతల్లో కుక్కతో పడిన చెలిమి మెల్లగా డాక్టరు దాకా విస్తరించింది. 1961లో ఈ సంగతిని లెవిన్సన్ వృత్తి సభలో చెప్తే కొందరు నవ్వారు. 1969లో ఆయన పుస్తకం వచ్చాక నవ్వులు తగ్గాయి.

మన దేశంలో మొదట నిలదొక్కుకున్నవి చెన్నై, ముంబై ప్రయత్నాలు. హాంకాంగ్‌లో 1991లో జిల్ రాబిన్సన్ ఆరంభించిన 'డాక్టర్ డాగ్' కార్యక్రమం చెన్నైకి బ్లూ క్రాస్ ద్వారా వచ్చింది. ముంబైలో యానిమల్ ఏంజెల్స్ ఫౌండేషన్ ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో మొదలుపెట్టి ఈ పనిని పెంచుకుంటూ వచ్చింది. హైదరాబాద్‌లో 1992లో అక్కినేని అమల ఆరంభించిన బ్లూ క్రాస్, 1996 నుంచి విశాఖపట్నంలో పనిచేస్తున్న వీఎస్‌పీసీఏ ప్రధానంగా జంతు సంరక్షణ సంస్థలు. అయినా ఆరోగ్యమైన, టీకాలు పడిన, మనిషికి మాలిమైన కుక్క ఎక్కడైనా ఇలాంటి సంస్థల పునాది మీదే దొరుకుతుంది.

గదిలో ఏం జరుగుతుంది

తండ్రిని ప్రమాదంలో పోగొట్టుకున్న తొమ్మిదేళ్ల పిల్లను ఊహించుకోండి. ఎవరేమడిగినా 'బాగానే ఉన్నా' అంటుంది. కౌన్సెలర్ ఎదురుగా కూర్చుని సూటిగా అడిగితే నేలచూపులు చూస్తుంది. గదిలో కుక్క ఉన్నప్పుడు ముందు జరిగేది మాటలు కాదు. 'వాసన చూడటానికి చెయ్యి వెనక్కి తిప్పి పట్టుకోమ్మా, అది వస్తే నిమురు, రాకపోతే వదిలెయ్' అని కుక్కను నడిపించే మనిషి చెప్తారు. ఈ చిన్న నియమంలోనే సగం పాఠం ఉంది. ముట్టుకోవడానికి అవతలి ప్రాణి ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోతే చేయి వెనక్కి తీసుకోవాలి. లైంగిక హింసకు గురైన పిల్లల విషయంలో ఈ అనుభవానికి ఉన్న విలువ అంతా ఇంతా కాదు. తన శరీరానికి ఒకప్పుడు దక్కని మర్యాదను ఆ పిల్ల మరో శరీరానికి ఇస్తుంది. తనకూ అది దక్కాల్సిందేనన్న సంగతి అక్కడినుంచి మెల్లగా తెలిసొస్తుంది.

తర్వాత బ్రష్ చేతికిస్తారు. దువ్వుతుంటే చూపు కుక్క మీద ఉంటుంది, కౌన్సెలర్ కళ్లలోకి చూడాల్సిన పని తప్పుతుంది. దువ్వే వేగం నెమ్మదించేకొద్దీ ఊపిరీ నెమ్మదిస్తుంది. 'దీనికి పటాకులంటే చచ్చేంత భయం' అని కౌన్సెలర్ అంటే, 'మరి అప్పుడేం చేస్తుంది?' అని పిల్ల అడుగుతుంది. 'మంచం కిందికి దూరుతుంది. నువ్వైతే?' అక్కడ మాట మొదలవుతుంది. ఆ మాటను పట్టుకుని ముందుకు నడిపించేది మాత్రం కౌన్సెలరే. కుక్క ఉన్నంత మాత్రాన దుఃఖం తీరుతుందని నమ్మించే కరపత్రాలు ఈ రంగానికి చేసిన చెడుపు తక్కువేమీ కాదు.

శరీరంలో జరిగే మార్పుకూ కొంత ఆధారం ఉంది. 2015లో జపాన్ పరిశోధకులు మిహో నాగసావా బృందం, కుక్కా యజమానీ ఒకరి కళ్లలోకి ఒకరు ఎక్కువసేపు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. తల్లీబిడ్డల మధ్య పనిచేసే రసాయనం అదే. మనిషి పెంచిన తోడేళ్లలో ఆ మార్పు కనబడలేదు. అంతకుముందు 1980లో ఎరికా ఫ్రీడ్‌మన్ బృందం గుండెజబ్బుతో ఆసుపత్రిలో చేరి బయటికొచ్చినవాళ్లను ఏడాది తర్వాత లెక్కచూసింది. పెంపుడు జీవులున్న 53 మందిలో ముగ్గురు, లేని 39 మందిలో 11 మంది చనిపోయారు. సంఖ్యలు చిన్నవి. పెంపుడు జంతువే ఆయువు పెంచిందని దీన్నిబట్టి తేల్చలేం, అయినా ఈ రంగంలోకి వైద్యుల దృష్టిని తిప్పిన లెక్క ఇదే.

మనోగాయానికి సంబంధించి 2015లో మార్గరెట్ ఓహెయిర్, మరో ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను జల్లెడ పడితే ప్రమాణాలకు నిలిచినవి పదే మిగిలాయి. వాటిలో కుంగుబాటు, ఆందోళన, పీటీఎస్‌డీ లక్షణాలు తగ్గిన సూచనలున్నాయి, పరిశోధన పద్ధతుల్లో లోపాలూ ఉన్నాయి. అమెరికాలో లైంగిక వేధింపులకు గురైన 153 మంది పిల్లలతో 2012లో వచ్చిన అధ్యయనం నాకు అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. ఒక గుంపుకు కుక్కలు లేని బృంద చికిత్స, మరో గుంపుకు కుక్కల సందర్శనతో చికిత్స, మూడో గుంపుకు కుక్కలతోపాటు ఆ కుక్కల జీవితాల మీద అల్లిన కథలు ఇచ్చారు. కథలు కూడా విన్న గుంపే ఎక్కువ తేరుకుంది. కుక్క కష్టం చెబితే పిల్ల తన కష్టానికి మాటలు వెతుక్కుంటుంది. అమ్మమ్మలు కథలు చెప్పే మన ఇళ్లలో దీనికి పెట్టుబడి అక్కర్లేదు.

డాల్ఫిన్లతో ఈతకొట్టిస్తే పిల్లల జబ్బులు నయమవుతాయన్న ప్రచారాన్ని లోరీ మరీనో, స్కాట్ లిలియన్‌ఫెల్డ్ ఆధారాలతో తోసిపుచ్చారు. డాల్ఫిన్ ప్రదర్శనశాలలకు 2013లో భారత ప్రభుత్వం అనుమతి నిరాకరించడం వల్ల ఆ వ్యాపారం ఇక్కడ వేళ్లూనలేదు.

పాడా కుక్కలు

బెంగాలీలు పేటను పాడా అంటారు. పాడా కుక్క ఒక ఇంటిది కాదు, వీధి అందరిదీ. టీకొట్టు దగ్గర బిస్కట్ ముక్క, చేపల బజారులో తలకాయ, వానపడితే ఎవరో ఒకరి వరండా. భార్య పోయాక ఇంట్లో మాట్లాడే మనిషి లేని ముసలాయన పొద్దున్నే వీధిలోకి రావడానికి ఒక్కోసారి ఆ కుక్కే కారణం.

కోల్‌కతాకు దగ్గర్లో, నదియా జిల్లా మోహన్‌పూర్‌లో ఉన్న ఐసర్ విజ్ఞాన సంస్థలో అనిందితా భద్ర 2009లో వీధికుక్కల మీద పరిశోధన మొదలుపెట్టారు. ఆమె బృందం 2017లో ప్రచురించిన ప్రయోగంలో, ముక్కూ ముఖం తెలియని మనిషి కొన్ని కుక్కలకు తిండి పెట్టి, కొన్నిటి తల నిమిరి చూశారు. పదేపదే కలిసినప్పుడు తిండి పెట్టిన చేతికంటే నిమిరిన చేతినే కుక్కలు ఎక్కువగా నమ్మాయి. 2020లో మరో ప్రయోగం: ఎన్నడూ శిక్షణ లేని వీధికుక్కలకు దూరంనుంచి వేలితో గిన్నె చూపిస్తే, దగ్గరికి వచ్చినవాటిలో దాదాపు 80 శాతం సరైన గిన్నె దగ్గరికే వెళ్లాయి. దాదాపు సగం కుక్కలు అసలు దగ్గరికే రాలేదు. మనుషుల చేతిలో పడిన దెబ్బలు అందుకు కారణం కావచ్చని పరిశోధకులు అన్నారు.

ఇదే బృందం 95 ఈతల్లో పుట్టిన 364 కుక్కపిల్లలను గమనిస్తే ఏడు నెలల దాకా బతికినవి 19 శాతమే. చావుల్లో ఎక్కువ భాగానికి మనుషులే ఏదో రకంగా కారణం. నన్నయ ఆదిపర్వంలో తన పిల్లను అన్యాయంగా కొట్టారని సరమ రాజు ఎదుటికి వచ్చి నిలదీస్తుంది. మహాభారత కథ ఒక తల్లికుక్క ఫిర్యాదుతో తలుపు తెరుచుకోవడం మన సంప్రదాయంలో చిన్న విషయం కాదు.

వీధికుక్కను నేరుగా చికిత్స గదిలోకి తీసుకురమ్మని దీని అర్థం కాదు. భారత్‌లో రేబిస్ నిజమైన ప్రమాదం. ప్రపంచంలోని రేబిస్ మరణాల్లో 36 శాతం ఇక్కడేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. సంతాన నియంత్రణ, టీకాలు 2023 నాటి ఏబీసీ (జంతు సంతాన నియంత్రణ) నిబంధనల ప్రకారం జరగాలి. కౌన్సెలర్ చేయగలిగిన తేలికైన పని ఇంకొకటి ఉంది. దుఃఖంలో ఉన్న మనిషి దినచర్యలో ఇప్పటికే ఏ జీవి ఉందో అడగడం. ఇళ్లు లేని మానసిక రోగులతో 2007 నుంచి పనిచేస్తున్న కోల్‌కతా సంస్థ ఈశ్వర్ సంకల్ప, రోగిని వీధినుంచి పెకలించకుండా ఆ పేటలోని దుకాణదారుల్నీ టీకొట్టువాళ్లనీ సంరక్షకులుగా తోడు చేసుకుంటుంది. ఫుట్‌పాత్ మీద పక్కనే పడుకునే కుక్కను కూడా ఆ పేటలో భాగంగా లెక్కించడం ఈ ఆలోచనకు సహజమైన కొనసాగింపు.

అందరికీ కుక్క పనికిరాదు. కొన్ని ఇళ్లలో కుక్కను ముట్టుకోవడం మత నియమానికి విరుద్ధం, కొందరికి చిన్నప్పుడు కరిచిన భయం. ముందుగా అడగకుండా కుక్కను ఎదురు తేవడం కౌన్సెలర్ చేయకూడని పని. 1983లో ఆరన్ కాచర్ బృందం చేపల తొట్టిని చూస్తూ కూర్చున్నా రక్తపోటు తగ్గుతుందని చూపింది. బాగ్‌బజార్ దగ్గరి గాలిఫ్ స్ట్రీట్ ఆదివారం సంతలో రంగురంగుల చేపలకు కొదవలేదు. అదే సంతలో పంజరాల్లో కిక్కిరిసిన పక్షుల్ని కొనితెచ్చి ఎవరి మనసో కుదుటపరచాలనుకోవడం మాత్రం తగదు.

జంతువు కోసం పడే దుఃఖం

కౌన్సెలర్ దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరు ఆలస్యంగా, సిగ్గుపడుతూ చెప్పేది: 'మా కుక్క చచ్చిపోయింది.' అమెరికా పరిశోధకుడు కెనెత్ డోకా 1989లో, సమాజం గుర్తించని దుఃఖం అనే భావనను ప్రతిపాదించాడు. సెలవు దొరకదు, పలకరింపు ఉండదు, కర్మ ఉండదు. 'ఇంకోటి తెచ్చుకో' అన్న సలహా మాత్రం ఉంటుంది.

చక్రపాణి అనువాదాలతో శరత్‌చంద్రను తమ రచయితగా చేసుకున్న తెలుగు పాఠకులకు ఆయన కుక్క గురించి అంతగా తెలియదు. హౌరాలోని బాజే శిబ్‌పూర్‌లో ఉన్న రోజుల్లో భేలూ అనే నాటుకుక్క ఆయనకు నీడలా ఉండేది. వచ్చిన అతిథుల్ని అది బెదరగొట్టినా ఆయన దాన్నే వెనకేసుకొచ్చేవాడు. అది చనిపోయినప్పుడు ఆయన పసివాడిలా కుమిలిపోయాడు. మనుషుల దుఃఖాన్ని అంతగా రాసిన రచయిత ఒక నాటుకుక్క కోసం అంత ఏడ్చాడంటే, అది బలహీనత అనడానికి ఎవరికీ నోరు రాదు. ఆయన 'మహేశ్' కథలో గఫూర్ అనే పేద నేతగాడు కరువులో తన ఎద్దుకు గడ్డి, నీళ్లు ఇవ్వలేక, ఒక్క క్షణం కోపంలో కొట్టి చంపుకుంటాడు. ఆ రాత్రే కూతురు అమీనాను వెంటబెట్టుకుని ఊరు విడిచి జూట్ మిల్లుకు బయల్దేరతాడు. తప్పు చేశానన్న భావన, పేదరికం, శోకం కలిసి ఒకే మనిషిని ఎలా ఊరు దాటిస్తాయో అంత సూటిగా చూపిన కథ అరుదు. పెంపుడు జీవికి మందు కొనలేక, లేదా బాధ చూడలేక డాక్టరుతో ప్రాణం తీయించి, ఆ తర్వాత తమను తామే నిందించుకునేవాళ్లను గఫూర్ పోలికలోనే అర్థం చేసుకోవాలి.

టాగూర్ చివరి రోజుల్లో, రోగం నుంచి లేచాక రాసిన 'ఆరోగ్య' (1941)లో రోజూ పొద్దున్నే తన కుర్చీ దగ్గరికి వచ్చి కూర్చునే కుక్క మీద ఒక కవిత ఉంది. కవి చేయి తగిలేదాకా అది అక్కడే ఉంటుంది. మాట లేని జీవి తనలో చూసిందేమిటని కవి అందులో ఆలోచిస్తాడు.

జంతువే గాయమైన చోట

కోల్‌కతా నుంచి దక్షిణంగా సుందర్‌బన్ మొదలవుతుంది. తేనెకు, పీతలకు, చేపలకు అడవిలోకి వెళ్లిన భర్తలను పులికి పోగొట్టుకున్న స్త్రీలను అక్కడ బాఘ్-విధవలంటారు. కోల్‌కతా మానసిక వైద్యుడు అరవింద నారాయణ్ చౌధురి బృందం వాళ్లను కలిసి మాట్లాడింది. పులి వాతపడిన భర్త మరణానికి భార్య దురదృష్టమే కారణమన్న నింద, అనుమతి లేకుండా అడవిలోకి వెళ్లినందుకు పరిహారం అందకపోవడం, శవం దొరక్క కర్మ సాగకపోవడం ఇవన్నీ ఆ దుఃఖం మీద పేరుకుంటాయి. అలాంటి ఇంటికి కుక్కతో వెళ్లే కౌన్సెలర్ ముందు అడవితో ఆ ఇంటికున్న లెక్క తెలుసుకోవాలి. అడవి దేవత బొన్‌బీబీకి హిందువులూ ముస్లింలూ కలిసి మొక్కే ఆ పల్లెల్లో పులి అంటే పగ ఒక్కటే కాదు.

2009 మే 25న ఐలా, 2020 మే 20న అంఫాన్ తుపాన్లు అదే ప్రాంతాన్ని ఊడ్చేశాయి. ఆవులూ మేకలూ కోళ్లూ కొట్టుకుపోయాయి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన చూసిన తెలుగువారికి ఈ దృశ్యం కొత్తది కాదు. పశువు పోవడాన్ని ప్రభుత్వ లెక్క ఆస్తి నష్టం కింద రాస్తుంది. దూడప్పటినుంచి పెంచి, పేరుపెట్టి పిలిచిన రైతుకు అది ఆ ఒక్క పద్దుతో తెగదు. విపత్తు తర్వాత కౌన్సెలింగ్‌కు వెళ్లేవాళ్లు మనుషుల పేర్లతోపాటు పశువుల పేర్లూ అడగాలని నేను గట్టిగా నమ్ముతాను.

జంతువు క్షేమం

ఐఏహెచ్ఏఐఓ శ్వేతపత్రం మనిషికి అలవాటైన పెంపుడు జాతుల్ని మాత్రమే అనుమతిస్తుంది, అడవి జంతువుల్ని, మచ్చికైనవి కూడా, వద్దంటుంది. ఒక విడత అరగంట నుంచి ముప్పావుగంట లోపే ఉండాలి. కోల్‌కతా మే నెల ఉక్కలో అంత సమయం కూడా ఎక్కువే. కుక్క పెదాలు పదేపదే నాకుతుంటే, ఆవలిస్తుంటే, తల పక్కకు తిప్పుకుంటే అలసిందని అర్థం. అప్పుడు ఆపాలి. కాళీపూజ పటాకుల వారంలో విడతలు పెట్టుకోకపోవడం మంచిది. విక్టోరియా మెమోరియల్ ముందు బండ్లు లాగి బక్కచిక్కిన గుర్రాల కోసం జంతు సంక్షేమ సంస్థలు కలకత్తా హైకోర్టు దాకా వెళ్లాయి. అలాంటి గుర్రాన్ని పిల్లల చికిత్సకు తెస్తే పిల్లలు నేర్చుకునేది క్రూరత్వమే. ఈ పద్ధతికి భారత్‌లో ప్రత్యేక లైసెన్సు చట్టమేదీ లేదు. 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం జంతువును, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని కాపాడతాయి. మధ్యలో పనిచేసే కౌన్సెలర్, కుక్కను నడిపించే మనిషి ఏ అర్హతతో వచ్చారో అడిగి తెలుసుకునే బాధ్యత కుటుంబం మీద పడుతుంది.

చికిత్సలో పనిచేసే కుక్కకూ ముసలితనం వస్తుంది. అది విరమించే రోజు, లేదా చనిపోయే రోజు, దానితో మాట్లాడిన పిల్లలకు మరో ఎడబాటే. మంచి సంస్థలు ఆ సంగతిని దాచవు. వారాల ముందే చెప్పి, పిల్లలు వీడ్కోలు ఉత్తరం రాసేలా, ఫొటో దగ్గరుంచుకునేలా, కుక్క ఇక ఎవరింట్లో ఉంటుందో తెలుసుకునేలా చూస్తాయి. తండ్రి చావును ఎవరూ ముందుగా చెప్పలేకపోయిన పిల్లకు, చెప్పి చేసిన ఈ వీడ్కోలే చాలాసార్లు చికిత్సలో ఆఖరి విడత అవుతుంది.